పాత అంబాసిడర్‌కి బ్రేకు పైపులు, పెట్రోలు పైపు మొత్తం మార్చడం: కింద పడుకుని నేర్చుకున్న సంగతులు

మొన్న సంక్రాంతి ముందు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ముందు ఆటో ఆగిందని బ్రేకు మీద కాలేస్తే పెడల్ మెత్తగా, బురదలో కాలు దిగినట్టు కిందకెళ్లిపోయింది. ఇంకోసారి తొక్కితే అదీ లేదు. చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదకి ఎలా వెళ్లిందో నాకే తెలీదు, సెకండ్ గేర్‌లో ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ ఆటోకి వెనక సీటు ఉండేది కాదు.

బండి మాది 1977 మోడల్ మార్క్ 3, మా మేనమామది. కళింగపట్నంలో సముద్రానికి కూతవేటు దూరంలో రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడుంది, 2018లో తిత్లీకి ఆ రేకులూ లేచిపోయాయి, చక్రాలు సగం దాకా నీళ్లలో నానింది. అలాంటి బండి కింద ఇనప గొట్టాలు ఎలా ఉంటాయో ముందే ఆలోచించుకోవాల్సింది, ఆలోచించలేదు. మూడేళ్ల కిందట ఒక షెడ్డులో వెనక పైపు కారుతుందంటే ఆ కారే ముక్క వరకే కోసేసి మధ్యలో ఇత్తడి జాయింటు పెట్టి ఇచ్చారు, నేనూ బిల్లు తగ్గిందని సంతోషంగా తెచ్చుకున్నా. ఇప్పుడు కింద దూరి చూస్తే ఆ జాయింటు శుభ్రంగా ఉంది, దానికి జానెడు దూరంలో క్లిప్పు కింద పైపు పోయింది. క్లిప్పు విప్పగానే పైపు అక్కడ బిస్కట్ లాగా పొడైపోయి చేతిలోకి వచ్చింది.

అందుకే ముందు ఈ మాట చెప్పేస్తున్నా. పైపు మీద పెయింట్ బావుందనీ, బయటికి మెరుస్తుందనీ నమ్మకండి. తుప్పు మీకు కనిపించే చోట పట్టదు, క్లిప్పు కింద, బురద పేరుకున్న మూల, రబ్బరు ముక్క చుట్టిన చోట తడి నిలిచిపోయి అక్కడ పడతాది. ఒకటి పోయిందంటే అదే వయసున్న మిగతావన్నీ లైన్లో ఉన్నాయని లెక్క. ఒక ముక్క మార్చి ఊరుకోకండి, మొత్తం మార్చండి. పాత అంబాసిడర్లకి బ్రేకు సర్క్యూటు ఒక్కటే, ఇప్పటి కార్లలాగా రెండు భాగాలు కాదు, ఎక్కడ ఒక్క చోట పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోద్ది.

ఒక మనవి, ఇది బ్రేకు పని. నట్టు బిగించడంలో చెయ్యి ఇంకా కుదరనివాళ్లు మొదటిసారి ఎవరైనా తెలిసిన మేస్త్రీని పక్కన కూచోబెట్టుకుని చెయ్యండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. నేనూ మా అమ్మ తరఫు బంధువు ఒకాయన్ని, సర్వీసులో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషిని, రెండు రోజులు బతిమాలుకున్నాను.

దారి ఎలా ఉంటదంటే, మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలుని పైపుల్లోకి నెట్టేది, మా బండిలో డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ అడుగున ఉంటది, అక్కడి నుంచి పైపు ముందు చక్రాలకి చీలుతుంది, ఒక పొడుగు పైపు వెనక్కి పోతుంది. ముందు చక్రాల దగ్గర ఒక్కో రబ్బరు హోసు, వెనక ఇరుసు దగ్గర ఒక రబ్బరు హోసు, ఇరుసు మీద టీ జాయింటు, దాన్నుంచి రెండు వెనక చక్రాలకి రెండు పైపులు. ముందు చక్రానికి రెండేసి వీల్ సిలిండర్లు (ఆయిలు ఒత్తిడికి బ్రేకు షూలని నెట్టేవి) ఉన్న మోడల్ అయితే వాటి మధ్య చిన్న బ్రిడ్జి పైపు ఉంటది, అందరూ మర్చిపోయేది అదే, డ్రమ్ము వెనకాల దాక్కుని ఉంటది కాబట్టి. విప్పే ముందు ప్రతి మలుపూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. నేను మాస్కింగ్ టేపు మీద పెన్నుతో ముందు ఎడమ, వెనక కుడి అని రాసి ప్రతి ముక్కకీ అంటించా, మా బావ నవ్వాడు గానీ రెండో రోజు సాయంత్రం అన్నీ ఒకేలా కనిపించినప్పుడు ఆ టేపే కాపాడింది.

పైపు కొనడం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. బ్రేకు పైపు మన బండికి 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. మార్కెట్లో మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి స్టీలు, పాతకాలం నుంచి కంపెనీ వాడేది, గట్టిది, కానీ మన తీరం గాలికి మళ్లీ అదే కథ. రెండోది కుప్రో నికెల్, రాగి నికెల్ కలిసిన లోహం, ఆన్‌లైన్‌లో 25 అడుగుల చుట్టగా దొరుకుతాది, తుప్పు పట్టదు, చేత్తో వంగుద్ది, ఫ్లేరు, అంటే పైపు చివర వెడల్పు చేసే మడత, సులువుగా వస్తది, కాస్త రేటెక్కువ. నేను దీనికే ఓటేస్తా. మూడోది ఏసీ, ఫ్రిజ్ రిపేర్ వాళ్ల దగ్గర దొరికే ఎర్ర రాగి గొట్టం, "ఇదీ రాగే కదా బాబూ, చవగ్గా అయిపోద్ది" అని షాపులో చెప్తారు, దాని జోలికెళ్లకండి, ఒత్తిడికీ అదురుకీ రాగి బిరుసెక్కి ఏదో ఒక రోజు ఫ్లేరు మెడ దగ్గర చీలుతుంది. ఫ్రిజ్‌లో గొట్టం చీలితే పాలు విరుగుతాయి, ఇక్కడ అంతటితో పోదు.

నట్లు కూడా కొత్తవే కొనండి. అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం కాబట్టి మరలన్నీ అంగుళాల లెక్క, మా బండిలో బ్రేకు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. పద్మిని కారు ఫియట్ సంతానం, అది మిల్లీమీటర్ల లెక్క. రెండు నట్లూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, షాపువాడు ఒకటి బదులు ఇంకోటి చేతిలో పెడతాడు, కొంత దూరం తిరిగి బిగిసినట్టే ఉంటది, అది బిగియడం కాదు మరలు తినేయడం. పాత నట్టు జేబులో వేసుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకుని కొనండి.

పని మొదలెట్టే ముందు రోజు రాత్రే అన్ని నట్ల మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి, తెల్లారి ఇంకోసారి. బండి ఎత్తాక జాకీ మీద ఒగ్గీసి కిందకి దూరొద్దు, నాలుగు స్టాండ్లు పెట్టండి, స్టాండ్లు లేకపోతే లావుపాటి చెక్క దిమ్మలు పెట్టండి, ఇటుకలు మాత్రం వద్దు, ఇటుక చెప్పకుండా పగులుద్ది. విప్పడానికి మామూలు పానా వాడితే మెత్తటి నట్టు గుండ్రంగా అయిపోద్ది, ఫ్లేర్ నట్ పానా అని ఒకటుంటది, రింగు పానాకి పైపు దూరేంత సందు కోసినట్టు ఉంటది, అది కొనండి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే ఆపేయండి, పైపు ఎలాగూ పారేసేదే కదా, నట్టుకి దగ్గరగా పైపు కోసేసి సాకెట్ తగిలించి విప్పండి. విప్పిన ప్రతి రంధ్రానికీ వెంటనే రబ్బరు మూతో శుభ్రమైన గుడ్డో పెట్టండి, ఒక ఇసక రేణువు లోపలికెళితే వీల్ సిలిండర్ రబ్బరు కోసేస్తది. పాత పైపుని ఎంత వంకరగా ఉన్నా ముక్కలు చెయ్యకుండా బయటికి లాగండి, కొత్తదానికి అదే నమూనా. మధ్యలో విరిగిపోతే గట్టి బైండింగ్ వైరు ఆ దారిలోనే పరిచి వంపులు తీసుకోండి.

ఇప్పుడు అసలు పని, ఫ్లేరు. పైపు చివర గొట్టంలా వదిలేస్తే ఒత్తిడికి ఆగదు, చివరని వెడల్పు చేసి మడిచి కూర్చోబెట్టాలి, అది సీటు మీద బిగిసి ఆపుద్ది. దీన్ని డబుల్ ఫ్లేరు అంటారు, 45 డిగ్రీల కోణం. ఒకే మడతతో వెడల్పు చేస్తే సింగిల్ ఫ్లేరు, స్టీలు పైపుకి అది అంచులో చీలుద్ది, పనికిరాదు. ఇంకో చిక్కు ఉంది, పాత ఇంగ్లీషు బళ్లలో కొన్ని చివర్లు లోపలికి గరాటులా ఉంటాయి, కొన్ని బయటికి గుండీలా ఉబ్బి ఉంటాయి, ఒకే పైపుకి ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి ఉండొచ్చు. పాత పైపు చివర చూసి అచ్చు అలాగే చెయ్యండి, సొంత తెలివి వద్దు.

పైపుని హ్యాక్సా బ్లేడుతో కోయకండి, పొట్టు లోపల పడుద్ది, అంచు ఏటవాలుగా వస్తది. చిన్న ట్యూబ్ కట్టర్ ఉంటది, చక్రం తిప్పుతూ కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి. కోశాక లోపలి అంచు కొంచెం గీకి, బయటి అంచు ఆకురాయితో అటూ ఇటూ సన్నగా రాయండి, పైపు మొన పైకి పెట్టి కాదు, కిందకి వంచి, పొట్టు బయటికి రాలేలా. తర్వాత నట్టు ఎక్కించండి. ఈ ఒక్క మాట పెద్దక్షరాల్లో గోడ మీద రాసుకోండి, ముందు నట్టు, తర్వాత ఫ్లేరు. నేను ఎంతో ముచ్చటగా ఒక ఫ్లేరు కొట్టి, వేలితో తడిమి, పక్కన కూచోబెట్టుకున్న ఆ డ్రైవరు పెద్దాయనకి చూపిస్తే ఆయన పైపు అటూ ఇటూ తిప్పి "బాగుంది నాయనా, నట్టేదీ?" అన్నాడు. నట్టు బల్ల మీద ఉంది.

ఫ్లేరు కొట్టే టూలులో రెండు దిమ్మల మధ్య పైపు బిగిస్తాం కదా, పైపు ఎంత పైకి ఉండాలంటే టూలుతో వచ్చే 3/16 డై (పైపు అంచుని మడిచే చిన్న అచ్చు) మెట్టు ఎంత ఎత్తుందో అంత, డైని పక్కన తల్లకిందులుగా ఆనిస్తే కొలత అదే చెప్పుద్ది. దిమ్మల రెక్కనట్లు చేత్తో కాదు పానాతో బిగించండి, లేకపోతే నొక్కేటప్పుడు పైపు కిందకి జారి ఫ్లేరు పొట్టిదవుద్ది. చివర మీద ఒక చుక్క బ్రేకు ఆయిలు రాసి డై పెట్టి స్క్రూ దింపితే అంచు లోపలికి మడుచుకుంటది, డై తీసేసి మొన స్క్రూ మళ్లీ దింపితే ఆ మడత గరాటులా కూచుంటది. అతిగా నొక్కకండి, పలచబడుద్ది. వెలుతుర్లో తిప్పి చూడండి, చుట్టూ అంచు ఒకే మందం ఉండాలి, ఒక పక్కకి ఒరిగితే కోసి పారేసి మళ్లీ. గోరు పెట్టి చుట్టూ రాస్తే ఎక్కడైనా తగిలితే అది చీలిక, మళ్లీ. బండి పైపు ముట్టుకునే ముందు ముక్కల మీద కనీసం పది కొట్టండి, నావి మొదటి నాలుగు చూస్తే గొబ్బిపువ్వుల్లా ఉన్నాయి. మధ్యలో నొక్కుడు జాయింట్లు, రింగు జాయింట్లు బ్రేకుకి ఎక్కడా వద్దు.

చుట్ట విప్పేటప్పుడు లాగొద్దు, నేల మీద దొర్లిస్తూ విప్పండి. వంపులు బెండర్‌తో తియ్యండి, లేకపోతే లావు సాకెట్ చుట్టూ బొటనవేలితో మెల్లగా, ఒకేసారి మడిస్తే నొక్కుపడుద్ది. రెండు చివర్లూ ఫ్లేరయ్యాక పైపులోంచి కంప్రెసర్ గాలి కొట్టండి. బిగించేటప్పుడు ప్రతి నట్టూ మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి, తిరక్కపోతే పైపు కోణం సరిచెయ్యండి, పానా చూపించి బెదిరించకండి. రెండు చివర్లూ వేళ్లతో పట్టించాకే ఏదైనా గట్టిగా బిగించండి. క్లిప్పులు అడుగు దూరానికొకటి, క్లిప్పుకీ పైపుకీ మధ్య నీళ్లు నిలిచేలా గుడ్డలూ ట్యూబు ముక్కలూ చుట్టకండి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, స్ప్రింగు పట్టీకి తగలకుండా.

రబ్బరు హోసులు కూడా ఇప్పుడే మార్చేయండి, పైకి బావున్నా లోపల ఉబ్బి సందు మూసుకుపోతాయి, అప్పుడు బ్రేకు పడుద్ది గానీ వదలదు, చక్రం కాలుద్ది. ముందు హోసు బిగించాక స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, టైరుకి రాయట్లేదని, మెలి తిరగలేదని కళ్లతో చూడండి. రాగి వాషర్లు కొత్తవి వెయ్యండి.

పైపులు విప్పినప్పుడు లోపల చేరిన గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. డ్రమ్ముల షూలు ముందు దగ్గరకి అడ్జస్టు చేసుకోండి, లేకపోతే ఎంత తొక్కినా పెడల్ లోతుగానే ఉంటది. ఆయిలు డాట్ 3 గానీ డాట్ 4 గానీ, కొత్త డబ్బా, అప్పుడే మూత తీసింది. ఈ ఆయిలు గాల్లో చెమ్మ లాగేస్తది, డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు పట్టాక ఆ హామీ 140కి పడిపోద్ది, డాట్ 4కి 230, 155. మన వైపు ఉక్కపోతకి సగం వాడి మూతేసిన డబ్బా అటక మీద దాచుకోవడం దండగ. డాట్ 5 సిలికాన్‌ది, దీంతో కలపొద్దు. ఇంజిన్ ఆయిలు, కిరసనాయిలు వాసన కూడా దీనికి తగలకూడదు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టండి, తుడుచుకుందాం లే అంటే పెయింటు లేచిపోద్ది.

మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలెట్టాలి, మా బండికి వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం వెనక గాలి వదిలే చిన్న మర ఉంటది, దాన్ని నిప్పిల్ అంటారు, దానికి తెల్ల గొట్టం తగిలించి రెండో చివర కాస్త ఆయిలున్న సీసాలో ముంచండి. లోపల మా బావ, కింద నేను.

"తొక్కు బావా."

"తొక్కినా."

"పట్టుకో, ఒగ్గీకు." నిప్పిల్ పావు చుట్టు వదిలితే బుడగలు బుసబుసా వస్తాయి, నిప్పిల్ మూశాకే "ఇప్పుడొగ్గీ" అనాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి లాగుద్ది. మధ్యలో మా బావ ఫోన్ మాట్లాడుతూ నేను మూయకముందే ఒదిలేశాడు, ఆ చక్రం మళ్లీ మొదట్నుంచి. నాలుగైదు తొక్కుళ్లకోసారి మాస్టర్ సిలిండర్‌లో ఆయిలు పొయ్యండి, అడుగంటిందంటే అంతా వృథా. పెడల్ రాయిలా అయ్యాక ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టించి, ప్రతి జాయింటు కిందా పొడి న్యూస్ పేపర్ ముక్క ఆనించి చూడండి. చెమ్మ కనిపిస్తే ఇంకా బిగించడం కాదు, విప్పి ఫ్లేరు చూడండి.

పెట్రోలు పైపు పని సులువే గానీ ప్రమాదం ఇందులోనే ఎక్కువ. బ్యాటరీ వైరు తీసేయండి, ఆరుబయట చెయ్యండి, షెడ్డులో గొయ్యి ఉంటే దాంట్లోకి దిగి మాత్రం చెయ్యొద్దు, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, వెళ్లి ఆ గొయ్యిలోనే కూచుంటది. హ్యాండ్ ల్యాంపు, బీడీ, గ్రైండరు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. ట్యాంకులో పెట్రోలు చేతిపంపుతో ఇనప డబ్బాలోకి తియ్యండి, నోటితో లాగే వీరులు ఇంకా ఉన్నారు, వద్దు బాబూ.

పాత పైపు లావు వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) కొలిచి అదే కొనండి, సన్నది వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆకలితో చస్తది. రబ్బరు హోసు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్నది తీసుకోండి, 2023 నుంచి మనకి 20 శాతం ఇథనాల్ పెట్రోలు వస్తోంది, పాత రకం రబ్బరు దానికి ఉబ్బి పగులుద్ది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం చూడ్డానికి ముద్దుగా ఉంటది, నెలల్లో బిరుసెక్కి క్లిప్పు దగ్గర జారుద్ది. లోహపు పైపు చివర చిన్న గట్టు ఉండాలి, హోసు దాన్ని దాటి ఎక్కాక వెనక క్లిప్పు పడాలి. అన్నీ హోసుతోనే లాగించేద్దాం అనుకోకండి, ట్యాంకు దగ్గర ఒక ముక్క, ఇంజిన్ పక్క పంపు దగ్గర ఒక ముక్క, మిగతాదంతా లోహమే. బ్రేకు పైపూ ఇదీ ఒకే క్లిప్పులో కట్టొద్దు.

ఇక్కడ తల తినేసే విషయం ఒకటుంది. పంపు ముందుభాగంలో ఉండి వెనక ట్యాంకు నుంచి పీలుస్తుంది కదా, ట్యాంకుకీ పంపుకీ మధ్య సన్న బెజ్జం పడితే బండి నడిచేటప్పుడు పెట్రోలు కారదు, గాలి లోపలికి పీలుస్తాది. కింద నేల పొడిగా ఉంటది, బండి మాత్రం హైవే మీద ఊపిరాడనట్టు జర్క్‌లిస్తుంది. నేను దీనికోసం కార్బరేటర్ రెండుసార్లు విప్పించా, తప్పు దాంట్లో లేదు, ఇరుసు పైన వంపులో క్లిప్పు కింద సూది మొనంత బెజ్జం. మళ్లీ క్లిప్పే.

అన్నీ అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పంపు దగ్గరా కార్బరేటర్ దగ్గరా పది నిమిషాలు ఊరికే చూస్తూ కూచోండి. తర్వాత ఖాళీ సందులో మనిషి నడిచే వేగంలో బ్రేకు, తర్వాత కొంచెం వేగంతో, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యుంచి. నేను మొదటి వారం ఊళ్లోనే తిప్పి, రోజూ పొద్దున్నే పేపరు పరిచి చూశా, ఆ తర్వాతే ఆమదాలవలస మీదుగా కళింగపట్నం తీసుకెళ్లా. మావయ్య బండి దిగకుండానే మూడుసార్లు బ్రేకు తొక్కి చూసుకుని, కిందకి వంగి, "మరి ఈ చుక్కేటిరా?" అన్నాడు. అది ఇంజిన్ ఆయిలు మావయ్యా, దాన్ని ఆపడం నా వల్ల కాదన్నా.